గాలికి నడిచే ఎండ్రకాయ

ప్లాస్టిక్ ఇటుక ఒకటి ఇంకోదాని మీద సరిగ్గా దిగితే టక్కుమని శబ్దం వస్తుంది. చాలా చిన్న శబ్దం, ఆడుకునే పిల్లలు దాన్ని పట్టించుకోరు. నేను మాత్రం నెలల తరబడి ఆ శబ్దం కోసమే చెవి ఒగ్గి కూర్చున్నాను. అది వినబడిందంటే నా బొటనవేలు ఇంకా నా మాట వింటున్నట్టు లెక్క. వినబడలేదంటే ఇటుక సగం దిగి, ఒక పక్క పైకి లేచి, నన్ను వెక్కిరిస్తున్నట్టు ఉండేది. అప్పుడు దాన్ని గోడకేసి కొట్టాలనిపించేది. కొట్టడానికీ చెయ్యే కావాలి కదా.

ఇది కూడా నేను చేత్తో రాయడం లేదు. ఫోను ముందు కూర్చుని చెబుతుంటే అదే అక్షరాలు వేసుకుంటోంది. తప్పులుంటే మా తమ్ముడు సరిచేస్తాడు. చదువుకునే రోజుల్లో వాడికి తెలుగంటే వణుకు, కాబట్టి తప్పులు ఉంటాయి.

ఆత్మకూరులో ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకల్లా ఒక్కో కారణం చెప్పి వినోదించేదాన్ని. స్కూలు దగ్గరే ఒక గది అద్దెకు తీసుకుని, ఆదివారాలు ఉదయగిరి బస్సెక్కి మా ఊరు వెళ్ళి అమ్మ వండింది తిని వచ్చేదాన్ని. బతుకు నా చేతిలోనే ఉందనుకునేదాన్ని.

మొదట జారింది చాక్‌పీసు. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద వర్గమూలం గుర్తు గీస్తుంటే వేళ్ళ మధ్య నుంచి జారి కిందపడి రెండు ముక్కలైంది. పిల్లలు నవ్వారు, నేనూ నవ్వాను. మర్నాడు మళ్ళీ జారింది. తర్వాత గది తాళంచెవి తిరగడం మానేసింది. తాళం తుప్పు పట్టిందని కొబ్బరినూనె పోశాను, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఆ తర్వాత జాకెట్టు హుక్కులు. చివరికి పక్కింటావిడ చేత హుక్కులు పెట్టించుకుని స్కూలుకు పోయిన రోజున నెల్లూరు బస్సెక్కాను.

నెల్లూరు డాక్టరు చేతికీ కాలికీ సూదులు గుచ్చి, కంప్యూటరు తెర మీద గీతలు చూసుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడంటే మంచి మాట కాదని అప్పుడే తెలిసిపోయింది. కండరాలకు ఆజ్ఞలిచ్చే నరాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతున్నాయట. చేతులతో మొదలైందట, అక్కడితో ఆగదట. ఎంతకాలం అని అడిగాను. ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందమ్మా అన్నాడు. లెక్కల టీచరుని, నాకు అది జవాబు కాదు. సరే, చేతుల సంగతి చెప్పండి అన్నాను. "వచ్చే ఏడాది ఈ పాటికి..." అని ఆగిపోయాడు. ఆ వాక్యాన్ని తిరుగు బస్సు సంగం బారేజీ దాటేదాకా నేనే రకరకాలుగా పూర్తిచేసుకుంటూ వచ్చాను. ఏ రకంగా పూర్తిచేసినా జవాబు ఒకటే వచ్చింది.

స్కూలు మానేసేరోజు కరస్పాండెంటు గారు శాలువా కప్పుతామన్నారు. ఈ ఎండల్లో శాలువా ఏం చేసుకోను సార్, ఆ అద్దాల బీరువాలో ఉన్న డబ్బా ఇవ్వండి అన్నాను. అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులకు చూపించడానికని కొన్న బొమ్మ ఇటుకల డబ్బా అది. ఇటుకలే కాదు, చిల్లుల పట్టీలు, ఇరుసులు, పళ్ళ చక్రాలు, వాటిని కలిపే పిన్నులు కూడా ఉంటాయి అందులో. పిల్లలు చెడగొడతారని ఒక్కరి చేతికీ ఇవ్వలేదు. ఆయన నన్ను చూసి, బీరువాను చూసి, చివరికి నా చేతిని చూసి తాళంచెవి తెప్పించారు. ఈ జబ్బు వల్ల జరిగిన మంచి ఏదన్నా ఉందంటే అదొక్కటే, ఏం అడిగినా కాదనే ధైర్యం ఎవరికీ ఉండదు.

మా ఊరు ఉదయగిరి కొండ కింద. మాకు గొర్రెలు, ఒక పాడిబర్రె, వానను నమ్ముకుని వేసే నాలుగు చెక్కల మెట్టభూమి ఉన్నాయి. నాయన లేడు. తమ్ముడు ట్రాక్టరు తోలుతాడు, గొర్రెల్ని అమ్మ చూసుకుంటుంది. నేను ట్రంకుపెట్టె, పుస్తకాలు, ఆ డబ్బా దించుకుంటే అమ్మ డబ్బా మూత మీది బొమ్మను తేరిపార చూసింది.

"ఏంది పాపా ఇది?"

"ఆడుకునేది."

"ముప్పైయెనిమిదేళ్ళకు ఇప్పుడు ఆడుకుంటావా?" అంది. లోపలికి పోయి పొయ్యి దగ్గర చాలాసేపు ఉండిపోయింది.

ఎప్పుడో క్లాసులో పిల్లలకు ఒక వీడియో చూపించాను. ఎక్కడో విదేశంలో సముద్రపు ఒడ్డున పైపులతో కట్టిన పెద్ద పెద్ద జంతువుల్లాంటివి, పెట్రోలు లేదు, కరెంటు లేదు, గాలి తగిలితే చాలు బోలెడన్ని కాళ్ళతో ఇసుకలో నడిచిపోతుంటాయి. అది నా బుర్రలో ఉండిపోయింది. మా ఊళ్ళో సముద్రం లేదు గానీ గాలికి కొదవ లేదు. ఆషాఢం వస్తే కొండ మీద నుంచి పడమటి గాలి దిగుతుంది. రేకులు లేపుతుంది, తినే అన్నంలో దుమ్ము పోస్తుంది. ఆషాఢంలో ఆరేసిన చీరను వింజమూరులో వెతుక్కోవాలనేది మా అవ్వ.

నేను ఊరు చేరింది సంక్రాంతి ముగ్గులు చెరిగిపోయాక. ఆషాఢానికి ఇంకా టైముంది. అప్పుడే నిర్ణయించుకున్నాను. ఈ ఇటుకలతో గాలికి నడిచే యంత్రం ఒకటి చెయ్యాలి. అందులో ప్రతి పిన్నూ ప్రతి ఇటుకా నా బొటనవేలితో నేనే నొక్కాలి. ఈ ఆషాఢం గాలికే అది నడవాలి, ఎందుకంటే వచ్చే ఆషాఢానికి గాలి ఉంటుంది, కొండ ఉంటుంది, నా బొటనవేలు ఉండదు. ఇంతకు మించి నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు. నా చేతులు నన్ను వదిలి పోయేలోపు వాటితో చేసిందొకటి నా సాయం లేకుండా నడవాలి, అంతే. పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. నాదీ ఆ బాపతే అని నాకు తెలుసు.

వసారాలో నాపరాళ్ళ మీద చాప వేసుకుని, పెద్ద పళ్ళెంలో ముక్కలన్నీ పోసుకుని కూర్చునేదాన్ని. పైన గాలికి తిరిగే చక్రం ఒకటి ఉండాలి. అది తిరిగే వేగాన్ని పళ్ళ చక్రాలతో తగ్గించి, బలంగా మార్చి, కింద వంకీలు తిరిగిన ఇరుసుకు అందించాలి. ఆ వంకీలకు కాళ్ళు తగిలించాలి, ఒక్కో పక్క మూడేసి. ఇరుసు తిరుగుతుంటే కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి లేచి, ముందుకు పడాలి. చెప్పడానికి ఇంతే. మొదట చేసిన కాలు నడవకపోగా దండం పెడుతున్నట్టు ముడుచుకునేది. రెండోసారి చేసింది తన్నేది.

పిన్నుల్లో రెండు రకాలున్నాయి. బూడిదరంగువి వదులు, కీళ్ళకు అవి వాడాలి. నల్లవి బిగువు, కదలకూడని చోట అవి వాడాలి. ఆ సంగతి తెలిసేలోపు మోకాళ్ళన్నిటికీ నల్లవి కొట్టి కూర్చున్నాను. ఊడబెరకడం నొక్కడం కంటే పదింతలు కష్టం. ఒక్కొక్కటీ పళ్ళతో లాగాను. పంటి చిగురు పగిలి రక్తం కారింది, కానీ అన్నీ లాగాను. లాగి, బూడిదరంగువి పెట్టి, ఇరుసును వేలితో తిప్పితే కాలు లేచి, చాచి, నేల మీద ఆనింది. ఆ రోజు సాయంత్రం నేను బెల్లం అడిగి తిన్నాను.

కాళ్ళ వరస కుదరకపోతే గొర్రెల్ని చూశాను. మేత నుంచి వచ్చేటప్పుడు గుమ్మంలో కూర్చుని వాటి మొహాలు కాదు, కాళ్ళు చూసేదాన్ని. తీరిగ్గా నడిచే గొర్రెకు ఏ క్షణాన చూసినా మూడు కాళ్ళు నేల మీదే ఉంటాయి. అందుకే పడిపోదు. నా దానికీ అట్లాగే వరస కట్టాను. తమ్ముడు ట్రాక్టరు దిగి వచ్చి చూసి, "ఏందక్కా ఇది, ఎండ్రకాయ మాదిరుండాదే" అన్నాడు. సంగం వైపు కాలవ గట్ల మీద పాకే ఎండ్రకాయలాగే ఉంది నిజంగా. ఆ పేరే నిలిచిపోయింది.

గాలిచక్రానికి కూల్‌డ్రింకు సీసాలు నిలువునా కోయాలి. కత్తెర పట్టుకునే శక్తి నాకు అప్పటికే పోయింది. నేను ఒట్టు పెట్టుకుంది ఇటుకల గురించే కదా, సీసాల గురించి కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అమ్మ కత్తిపీట ముందు వేసుకుని సొరకాయ కోసినట్టు సీసాలు కోసిచ్చింది.

చేతులు మాత్రం ఆషాఢం కోసం ఆగలేదు. మాఘంలో బొటనవేలితో దిగిన పిన్ను ఫాల్గుణానికి దిగడం మానేసింది. అరచేతి మడమతో నొక్కాను. అదీ చాలక గడప అంచుకు ఆనించి ఒళ్ళు బరువు వేసి నొక్కాను. ఉగాది పచ్చడి అమ్మే నోట్లో పెట్టింది, చెంచా పట్టుకోలేక కాదు, పట్టుకుంటే వణుకు అందరికీ కనబడుతుందని. బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే కండ ఉంటుంది చూడండి, అది కరిగి గుంట పడింది. నా చెయ్యి ముసలమ్మ చెయ్యిలా అయింది, మా అమ్మ చెయ్యి నా చేతి కంటే పడుచుగా కనబడేది. అది చూసి నాకు అమ్మ మీద కోపం వచ్చేది. కోపానికి అర్థం పర్థం ఉండాలని ఎక్కడుంది?

"ఇట్టా ఇయ్యక్కా, నేను నొక్కుతా. ఒక్క నిమిషం పని," అనేవాడు తమ్ముడు. వాడికి నిజంగానే ఒక్క నిమిషం పని. ట్రాక్టరు బోల్టులు బిగించే చేతులు.

"ముట్టుకున్నావంటే ఇంట్లోంచి పోతా."

"గాలికి పోయే కంపను నెత్తికి తగిలించుకున్నావు నువ్వు. డాక్టరు రెస్టు తీసుకోమన్నాడా, లేదా?"

"రెస్టుకేం తొందర్రా. నాకు ముందుంది మొత్తం రెస్టే కదా."

వాడు వెళ్ళిపోయి, దొడ్లో ట్రాక్టరు కింద పడుకుని, బిగించిన బోల్టులే మళ్ళీ బిగించాడు. నాకు వినబడుతూనే ఉంది.

చూడ్డానికొచ్చే చుట్టాలకు లెక్కే లేదు. అందరి దగ్గరా ఒక మందు ఉంటుంది. ఒకరు వెల్లుల్లి అన్నారు, ఒకరు ఆవుపేడ కట్టు అన్నారు. అనంతసాగరం పక్క నుంచి వచ్చిన మా మేనత్త పావురం రక్తం రుద్దితే చచ్చిన నరం లేస్తుందని అమ్మకు నూరిపోసింది. అమ్మ పావురాన్ని తెప్పించింది. సైన్సు తెలిసినదాన్ని, వద్దని అరవాలి. అరవలేదు. చేతులు చాపి కూర్చున్నాను. వెచ్చగా, జిగటగా, వాసనగా ఉంది. అమ్మ మోచేతుల నుంచి వేళ్ళ దాకా రుద్దుతుంటే, ఏమో, ఒకవేళ, అనుకున్నాను. అంత దిగజారిపోయానని కాదు చెప్పడం. అంత భయపడ్డానని. మర్నాడు పొద్దున్నే లేచి ముందు ఒక నల్ల పిన్ను తీసుకుని నొక్కి చూశాను. దిగలేదు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం పళ్ళెం నా ఒళ్ళోంచి జారి బోర్లాపడింది. పిన్నులు వసారా అంతా పరుచుకున్నాయి, కొన్ని నాపరాళ్ళ సందుల్లోకి పోయాయి. ఒక్క పిన్ను తీయబోయాను. వేలికి అందుతుంది గానీ పైకి రాదు, రాయికి అతికించినట్టే ఉంది. గోటితో గీకాను, నాలుకతో తీయబోయాను. అప్పుడు అట్లాగే ఆ బండ మీద చెంప ఆనించి ఏడ్చాను. మామూలు ఏడుపు కాదు, మంద వెళ్ళిపోయాక వెనకపడిన గొర్రెపిల్ల అరుపులాంటిది. డాక్టరు చెప్పిన రోజు రాని ఏడుపు పిన్నుల కోసం వచ్చింది. నాకు చచ్చిపోవాలని లేదు. చేతుల్లేకుండా బతకాలనీ లేదు. ఈ రెండిటికీ మధ్య ఇంకో దారి ఉంటే ఎవరన్నా చెప్పండని ఆ రాళ్ళనే అడిగాను.

అమ్మ చీపురు తెచ్చి అంతా ఊడ్చింది. చేటలోకెత్తి చెరిగితే దుమ్ము పోయి ముక్కలు మిగిలాయి. వాటిని మళ్ళీ పళ్ళెంలో పోసి, నా ముందు పెట్టి, పళ్ళెం జారకుండా కింద తడిగుడ్డ మడిచి వేసింది. నేను లేచి కూర్చునేదాకా పక్కనే కూర్చుని గోంగూర ఒలిచింది.

జ్యేష్ఠం చివర్లో ఎండ్రకాయ పూర్తయింది. కడపటి నల్ల పిన్నులు ఎట్లా దిగాయో నాకే తెలీదు. పొద్దున ఒకటి, వేళ్ళు కాస్త తేరుకున్నాక సాయంత్రం ఒకటి. తలుపు సందులో పెట్టి నొక్కాను, మోకాలితో నొక్కాను, నోటితో నొక్కాను. ప్రతిదానికీ టక్కుమనే శబ్దం విన్నాకే లేచాను. ఇంట్లో టేబుల్ ఫ్యాను ముందు పెడితే చక్రం తిరిగింది, కాళ్ళు లేచాయి, నాలుగడుగులు వేసి చాప అంచుకు తట్టుకుంది. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నాకు సంతోషం కాలేదు. ఫ్యాను గాలి గాలి కాదు.

ఆషాఢం వచ్చింది. ముందు నాలుగు రోజులు ఉక్కపోత తప్ప ఏమీ లేదు. గాలి కూడా నన్ను మోసం చేస్తోందని కొండను తిట్టాను. ఆ తర్వాత ఒక పొద్దున పెంకులు గలగలమన్నాయి. తలుపు దానంతటదే తెరుచుకుని గోడకు కొట్టుకుంది.

"పదండి," అన్నాను.

ఊరి చివర కొండ పక్కన ఒక చదును బండ ఉంది. పూర్వం దాని మీద ఉలవలు నూర్చేవాళ్ళు, ఇప్పుడు మిరపకాయలు ఆరబోసుకుంటారు. తమ్ముడు ట్రాక్టరు ట్రక్కులో కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. కాళ్ళు అప్పటికి ఇంకా నావే గానీ అంత దూరం నడవలేను. ఎండ్రకాయను అమ్మ ఒళ్ళో పెట్టుకుని, గాలి తగలకుండా కొంగు కప్పింది. బండ మీద నన్ను దించి కూర్చోబెట్టి, నా ముందు దాన్ని పెట్టారు. తమ్ముడు గాలిచక్రాన్ని తిరక్కుండా పట్టుకున్నాడు. నేను వంగి ఒక్కో కాలూ చూసుకుంటున్నాను.

మా ఇంట్లో కొత్త బండి ఏదైనా నిమ్మకాయలు తొక్కకుండా కదలదు. ట్రాక్టరు వచ్చినప్పుడు తొక్కించారు, మోటారుసైకిలు వచ్చినప్పుడు తొక్కించారు. మా చిన్నప్పుడు నాయన కొన్న సైకిలు చేత కూడా తొక్కించారు. చక్రాల కింద నిమ్మకాయ పచక్కుమంటేనే ఆ బండికి దిష్టి పోయినట్టు, దారిలో ఆపద రానట్టు. ఆ పని అమ్మది. నేను వెనక కాళ్ళు చూసుకుంటుంటే అమ్మ బొడ్లోంచి నిమ్మకాయలు తీసి ముందు కాళ్ళ కింద పెట్టింది. అమ్మ లెక్కలో ఇదీ బండే కదా. నేను తమ్ముడి వైపు తలెత్తి "వదలరా" అన్నాను. వాడు వదిలేశాడు.

గాలి విసురుగా వచ్చింది. చక్రం గిర్రున తిరిగింది. ఎండ్రకాయ ముందు కాలెత్తి నిమ్మకాయ మీద వేసింది. కాయ నలగలేదు. కోడిపెట్టంత బరువు లేని దాని కింద నిమ్మకాయ ఎందుకు నలుగుతుంది? కాయ దొర్లింది, కాలు మెలిపడింది, మొత్తం ఒక పక్కకు ఒరిగింది. లోపలెక్కడో టప్పుమంది. తమ్ముడు గబుక్కున చక్రాన్ని పట్టుకున్నాడు. ముందు కాలు ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే నల్ల పిన్ను చిల్లులోంచి సగం బయటికొచ్చి ఉంది.

నేను అమ్మను ఏమన్నానో అన్నీ ఇక్కడ చెప్పను. "నాకు మిగిలిందల్లా ఇదొక్కటే. దీన్ని కూడా నీ నిమ్మకాయలకే బలిచ్చినావా?" అన్నాను. "నువ్వు ముట్టుకున్నదేదీ బాగుపడదు," అన్నాను. అమ్మ నిమ్మకాయలు ఏరి బొడ్లో దోపుకుంది. అమ్మ మొహంలోకి నేను చూడలేదు.

తమ్ముడు పిన్ను మీద చెయ్యి వేయబోయాడు. "తియ్యి చెయ్యి," అన్నాను.

వంగి నా బొటనవేలు పిన్ను మీద పెట్టాను. అది చట్రం లోపల ఉంది. నోరు పట్టదు, మోకాలు పట్టదు, అరచెయ్యి దూరదు. ఒక్క వేలు మాత్రం దూరుతుంది. నొక్కు, అన్నాను వేలితో. వేలు ఊరికే దాని మీద ఆని ఉంది. ఒళ్ళంతా బిగబట్టాను, పళ్ళు కొరికాను, మెడ నరాలు లేచాయి. ఒళ్ళంతటికీ తెలుసు నేనేం అడుగుతున్నానో, ఆ ఒక్క వేలికే తెలీదు. ఎడమచేత్తో కుడిచేతిని నెట్టాను, రెండూ కలిసి జారిపోయాయి. మళ్ళీ పెట్టాను. మళ్ళీ జారింది. గాలి పోతోంది. నేను సంక్రాంతి నుంచి కాచుకున్న గాలి నా చెవుల పక్క నుంచి ఊళ్ళోకి పోతోంది, సాయంత్రానికి తగ్గిపోతుంది, రేపటికి ఈ వేలు ఇంకాస్త చస్తుంది. "నొక్కవే, ఒక్కసారి నొక్కవే," అని నా వేలిని బతిమాలుకున్నాను. తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అమ్మ వచ్చి నా వెనక కూర్చుంది. నేను తిట్టిన తిట్లు ఇంకా గాలిలోనే ఉన్నాయి. నా భుజం మీదుగా చెయ్యి చాపి, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. నా బొటనవేలిని పిన్ను మీద సరిగ్గా ఆనించి, దాని మీద తన బొటనవేలు పెట్టింది. పొద్దునా సాయంత్రం పాలు పిండే వేలు. నొక్కింది. నా గోరు విరిగిపోతుందన్నంత నొప్పి. వద్దనలేదు నేను. టక్కుమంది.

"నీ ఏలే నొక్కింది," అంది అమ్మ. "నాది పైన ఉండాది, అంతే."

అది లెక్కలోకి వస్తుందో రాదో తేల్చుకునే తీరిక లేదు నాకు. మా ముందున్న గడ్డి అంతా ఒక్కసారిగా వంగింది. "వదులుతున్నా అక్కా," అని తమ్ముడు చక్రాన్ని వదిలాడు. అమ్మ కూడా తన చెయ్యి తీసేసింది, నాది నేను తీసుకుంటాననుకుని.

నా చెయ్యి ఎండ్రకాయ వీపు మీదే ఉండిపోయింది. ఎత్తాలనుకున్నాను. ఎత్తమని చెప్పాను. పిన్నును అడిగి అడిగి అలిసిపోయిన చెయ్యి, దాని బరువు అదే మోయలేక ఆ ఇటుకల మీద వాలి ఉంది. చక్రం తిరగబోయి ఆగుతోంది, తిరగబోయి ఆగుతోంది. ఇన్ని నెలలు చేసినదాన్ని నేనే నొక్కిపట్టి నడవనివ్వడం లేదు. "అమ్మా, తియ్యి. నా చెయ్యి తియ్యమ్మా," అన్నాను. అమ్మకు గాలిలో వినబడలేదు.

ఎండ్రకాయ ఒక కాలు ఎత్తింది. దించింది. ఇంకో కాలు ఎత్తింది. నా అరచేతి కింద ఇటుకల బొడిపెలు ఒక్కొక్కటే ముందుకు జరుగుతున్నాయి. చివరి ఇటుక కూడా జరిగిపోయాక నా చెయ్యి బండ మీద దబ్బున పడింది.

అది నడిచింది. కొండ నుంచి గాలి తోస్తుంటే పక్కవాటుగా, ఆరు కాళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ, మిరపకాయల మరకలున్న బండ మీద తడబడకుండా పోయింది. తమ్ముడు దాని పక్కనే పరిగెత్తుతూ, "అక్కా, నడస్తా ఉండాది, చూడక్కా," అని అరుస్తున్నాడు. నేను దాన్ని చూడాలి. దాని కోసమే కదా ఇన్ని నెలలూ. నేను బండ మీద పడివున్న నా చేతిని చూస్తున్నాను, నాది కానట్టు.

అమ్మ కూడా దాన్ని చూడలేదు. వంగి నా చేతిని రెండు చేతులతో ఎత్తి, అంటిన దుమ్ము కొంగుతో తుడిచి, తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.